కుస్కో: ఒకే గోడలో రెండు కాలాలు

పెరూలోని కుస్కో ఆండీస్ పర్వతాలలో, సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ విమానం దిగిన యాత్రికునికి తొలిరోజు ఆయాసం, తలనొప్పి మామూలే. దీనిని ‘వలస నగరం’ అంటారు. ఆ ఒక్క మాట చాలదని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే మీరు సాంటో డొమింగో మఠం గోడను కింది నుంచి పైకి పరిశీలించాలి.

అడుగుభాగం ఇంకాల సూర్యదేవాలయమైన కొరికాంచాది. సున్నం లేకుండానే అతికినట్లు చెక్కిన రాళ్లు. గోడలు లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి. స్పెయిన్‌వారు 1533లో నగరాన్ని ఆక్రమించారు. ఆలయపు బంగారు రేకులను ఊడదీశారు. తరువాత డొమినికన్ సన్యాసులు ఆ గోడలపైనే మఠం కట్టారు.

1950 మే 21న వచ్చిన భూకంపంలో మఠం బాగా దెబ్బతింది. ఇంకాల గోడలు నిలిచాయి. అంతవరకు మఠపు కట్టడాల చాటున ఉన్నవి కొన్ని బయటపడ్డాయి. వాటిని మళ్లీ మూసివేయలేదు. నేడు మఠం వరండాలో నడిచే యాత్రికునికి అవి కనిపిస్తాయి.