ఆచే దర్బారులో సూరత్ పండితుడు

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తాపీ నది సముద్రంలో కలిసే చోట, డుమస్ అనే ఊరున్నది. అక్కడి తీరంలో ఇసుక నల్లనిది. సెలవురోజు సాయంకాలం నగరవాసులు సకుటుంబంగా వచ్చి, కాగుతున్న నూనెలోనుంచి అప్పుడే తీసిన టమాటా బజ్జీలు తింటూ సూర్యాస్తమయం చూస్తారు. పొద్దుపోయాక ఆ తీరాన దయ్యాలు తిరుగుతాయన్న వదంతి కూడా ఒకటి ఉన్నది. దానివల్ల బజ్జీల బేరం తగ్గిన జాడ మాత్రం లేదు.

నాలుగు వందల ఏళ్ళ క్రితం ఈ నదీముఖమే మొగల్ సామ్రాజ్యానికి పడమటి సముద్రద్వారం. మక్కా యాత్రికులు ఇక్కడినుంచే బయలుదేరేవారు. సుమత్రా దీవి ఉత్తరపు కొసన ఉన్న ఆచే రాజ్యానికి గుజరాతు బట్టల మూటలు ఇక్కడినుంచే ఓడలెక్కేవి. అక్కడి మిరియాలు ఇక్కడ దిగేవి. నదికి ఎగువన, సూరత్‌కు ఎదుటి ఒడ్డున, అంతకంటె పాతదైన రాందేర్ రేవుపట్టణం ఉన్నది. 1530లో పోర్చుగీసువారు దానిని దోచి తగలబెట్టారు. అయినా ఆ ఊరి వర్తకులు సముద్రాన్ని విడిచిపెట్టలేదు.

ఆ రాందేరులో పుట్టిన పండితుడొకడు తాపీ ముఖద్వారం దాటి వెళ్ళి, మలయ్ భాష రాజభాషగా చెల్లుతున్న పరరాజ్యంలో దాదాపు ఏడేళ్ళపాటు రాజకీయాన్ని శాసించాడు. ఆయన పేరు నూరుద్దీన్. రాందేరుకు అరబ్బులు పెట్టుకున్న పేరు రానీర్. కనుక చరిత్రలో ఆయన నూరుద్దీన్ అర్ రానీరీ.

ఆంధ్రులకు ఆచే తెలియని రాజ్యమేమీ కాదు. మచిలీపట్నం రేవునుంచి గోల్కొండ రాజ్యపు నూలుబట్టలు అక్కడికి పోయేవి. ఆచే అడవులలో పట్టిన ఏనుగులు ఓడలెక్కి మన తీరానికి వచ్చేవి. 1607 నుంచి 1636 వరకు ఆ రాజ్యమేలిన ఇస్కందర్ ముదా అనే సుల్తాను మలక్కా జలసంధికి ఇరువైపులా తన మాట చెల్లించుకున్నాడు. 1617లో మలయ్ ద్వీపకల్పంలోని పహాంగ్ మీదికి దండెత్తి, అక్కడి రాజకుమారుణ్ణి బాలుడిగా ఉండగానే తెచ్చి, పెంచి, కూతురినిచ్చి పెండ్లి చేశాడు. మామ పోయిన తరువాత ఆ అల్లుడే ఇస్కందర్ థానీ పేరుతో సింహాసనమెక్కాడు. ఇది 1636 డిసెంబరు నాటి సంగతి.

రానీరీ ఆచేలో అడుగుపెట్టినది 1637 మే 31న. ఆరు నెలలైనా కాలేదు! సమయం చూసి వచ్చాడనిపిస్తుంది. ఆ కుటుంబానికి ఆచే కొత్త కాదు. ఆయన పినతండ్రి వరసైన ముహమ్మద్ జీలానీ 1580 ప్రాంతంలోనే అక్కడికి వెళ్ళి తర్కమూ ధర్మశాస్త్రమూ బోధించబోయాడు. అక్కడి జనం వాటి జోలికి పోక, వేదాంతం చెప్పమన్నారు. పాపం, ఆ పండితుడు మక్కాకు పోయి, వేదాంతం చదువుకొని మళ్ళీ వచ్చి చెప్పవలసి వచ్చినది. ఈ ముచ్చట రానీరీయే తన గ్రంథంలో వ్రాశాడు. జనం మనసు ఎటు మొగ్గి ఉన్నదో ఆయనకు ముందుగానే తెలుసుననడానికి ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

ముదా కాలంలో దర్బారును ఏలిన ఆచార్యుడు షంసుద్దీన్ అనే సుమత్రా పండితుడు. ఆయన 1630లో మరణించాడు. ఆయనకు మార్గం చూపినవాడు మలయ్ భాషకు గొప్ప కవి అయిన హమ్జా ఫన్సూరీ. దైవానికీ జగత్తుకూ గల సంబంధాన్ని వీరు సముద్రానికీ అలకూ గల సంబంధంతో పోల్చారు. అద్వైతం విన్న చెవులకు ఈ మాట కొత్తగా తోచదు. రానీరీ కూడా సూఫీయే, రిఫాయీ సంప్రదాయంలో దీక్ష తీసుకున్నవాడే. అయితే ఆయన దృష్టిలో జగత్తు దైవానికి నీడ మాత్రమే. నీడను పట్టుకొని ఇదే వస్తువనడం అపచారం. వాదం సూక్ష్మమైనది. చదువుకున్నవారు జీవితకాలమంతా చర్చించుకోదగినది. అది రాజాజ్ఞగా మారేసరికి మనుష్యుల ప్రాణాల మీదికి వచ్చినది.

యువరాజుగా పరాయి ఊరినుంచి వచ్చిన కొత్త సుల్తానుకు, మామగారి కాలపు పెద్దలతో సంబంధం లేని సలహాదారు కావలసి ఉన్నాడు. రానీరీకి రాజాశ్రయం కావలసి ఉన్నది. ఆయన షేఖ్ ఉల్ ఇస్లాం అయినాడు. అది ఒక్క మసీదుకు సంబంధించిన పదవి కాదు. ధర్మనిర్ణయం మొదలు రేవులో వర్తకుల తగవుల వరకు సుల్తాను చెవిలో మాట వేయగల స్థానమది. డచ్చివారి పత్రాలను చూస్తే, గుజరాతీ వర్తకుల పక్షాన ఆయన పలుకుబడి వాడినట్లు తెలుస్తుంది. స్వదేశాభిమానం సహజమే కదా!

సుల్తాను సమక్షంలో రోజుల తరబడి వాదాలు జరిగినవి. హమ్జా, షంసుద్దీన్‌ల శిష్యులను తమ మాట వెనక్కు తీసుకొమ్మన్నారు. కాదన్నవారు మతభ్రష్టులని రానీరీ తీర్పు చెప్పాడు. సుల్తాను వారిని చంపించాడు. వారి గ్రంథాలను రాజధానిలోని బైతుర్రహ్మాన్ మసీదు ముందు కుప్పవేసి తగలబెట్టారు. ఒక భాషలో మొదటి తరం తత్త్వసాహిత్యంలో ఎంతో భాగం ఆ మంటలలో పోయినది. తగలబెట్టినవాడు చదువురానివాడైతే ఒక రకం. ఈయన ఆ కాలానికి మలయ్ వచనంలో సాటిలేని రచయిత. ఇదే ఈ కథలో మింగుడుపడని ఘట్టం.

సుల్తాను ఆదేశంతో 1638లో ఆయన రచన ప్రారంభించిన ‘బుస్తాన్ అస్ సలాతీన్’, అంటే ‘రాజుల ఉద్యానం’, ఏడు భాగాల మహాగ్రంథం. సృష్టి మొదలుకొని ప్రవక్తల గాథలు, మలక్కా, పహాంగ్, ఆచే రాజుల చరిత్రలు, రాజులకూ మంత్రులకూ నీతులు అందులో ఉన్నవి. ఇస్కందర్ థానీ పెంచిన తోటను ఆయన ఏటితోసహా, చెట్టుచెట్టుతోసహా వర్ణించాడు. ఆ తోటలోని గునోంగన్ అనే తెల్లని కట్టుడుకొండ నేటికీ బండా ఆచే నగరంలో నిలిచి ఉన్నది. 1634లోనే మొదలుపెట్టి 1644లో ముగించిన ‘సిరాత్ అల్ ముస్తకీమ్’ మలయ్ భాషలో ఆరాధనావిధులను వివరించిన తొలి గ్రంథంగా ఆ దేశాలలో తరతరాలు పఠనంలో ఉన్నది. ఇంకొక చిత్రం: ప్రతివాదులను ఖండించడానికి వారి వాక్యాలను తన పుస్తకాలలో ఎత్తి వ్రాశాడు. అందువల్ల వారి వాదం ఆయన చేతులమీదుగానే మనదాకా వచ్చినది.

1641లో ఇస్కందర్ థానీ చిన్నవయసులోనే మరణించాడు. వారసుడు లేడు. ప్రభువులు ఆయన భార్య, ముదా కుమార్తె అయిన సఫియతుద్దీన్‌ను గద్దెనెక్కించారు. స్త్రీ పరిపాలన ఆచేలో 1699 వరకు, వరుసగా నలుగురు రాణులతో సాగినది. రానీరీ తన పదవిలోనే కొనసాగాడు. కాని ఆయనను నిలిపిన ప్రభువు మట్టిలో ఉన్నాడు. చనిపోయినవారి బంధువులూ శిష్యులూ ఊళ్ళోనే ఉన్నారు.

1643లో సైఫుర్రిజాల్ అనే మినాంగ్‌కబావ్ పండితుడు ఆచేకు తిరిగి వచ్చాడు. ఎక్కడినుంచి? సూరత్ నుంచే. ఏ నదీముఖం రానీరీని పంపినదో అదే ఆయన ప్రత్యర్థిని కూడా పంపినది. వచ్చినవాడు పాత వాదాన్ని తిరగదోడి, తన విశ్వాసమే మక్కా మదీనాల విశ్వాసమన్నాడు. ఆ ఆగస్టులో ఆచేలో ఉన్న డచ్చి వర్తక ప్రతినిధి పీటర్ సౌరే ఈ రగడనంతా తన దినచర్యలో వ్రాసుకున్నాడు. నెలరోజులు వాదం సాగినది. ఊరు రెండుగా చీలినది. తీర్పు చెప్పమని రాణిని అడిగారు. మతవిషయాలలో తీర్పు చెప్పే జ్ఞానం తనకు లేదని ఆమె తప్పుకొని, సంగతిని తన ప్రభువులకు అప్పగించినది.

ఆ జవాబు వినయమో, రాజనీతియో! ఆమె ఎవరినీ చంపించలేదు, ఏ పుస్తకాన్నీ కాల్పించలేదు. భర్త ఏ అధికారాన్ని ఒక పండితుడి చేతిలో పెట్టాడో దానిని మెల్లగా వెనక్కు తీసుకున్నది, అంతే. ప్రభువులు సైఫుర్రిజాల్ వైపు మొగ్గారు. కొత్తవానికి దర్బారులో సకల గౌరవాలూ జరిగినవి.

1644లో రానీరీ ఉన్నపళంగా రాందేరుకు ఓడెక్కాడు. ‘జవాహిర్ అల్ ఉలూమ్’ అనే గ్రంథం సగంలో ఆగిపోగా, గురువు స్వదేశానికి తరలిపోయినాడని వ్రాసి శిష్యుడొకడు మిగిలిన భాగం పూర్తిచేశాడు. స్వస్థలంలో పద్నాలుగేళ్ళు జీవించి, అక్కడినుంచి కూడా తూర్పు దేశాలవారి కోసం వ్రాస్తూనే, 1658 సెప్టెంబరు 21న ఆయన కన్నుమూశాడు.

మూడేళ్ళ తరువాత, 1661లో, అబ్దుర్రవూఫ్ అనే ఆచే పండితుడు పంతొమ్మిదేళ్ళు అరబ్బు దేశాలలో చదువుకొని ఇల్లు చేరాడు. అదే రాణి ఆయనను ఆస్థానంలో నిలిపినది. హమ్జా మార్గాన్ని ఆయన సమర్థించలేదు. అయితే తొందరపడి ఇతరులను మతభ్రష్టులనవద్దని, ఆ నింద నిజం కాకపోతే అన్నవాడి మీదికే తిరిగి వస్తుందని ప్రవక్త మాటగా హెచ్చరిస్తూ గ్రంథం వ్రాశాడు. రానీరీ పేరు అందులో ఎత్తలేదు.

గ్రంథాలు కాలిన ఆ పాత మసీదు 1873లో డచ్చివారి దండయాత్రలో తానే కాలిపోయినది. ఇప్పుడున్నది వారే తిరిగి కట్టించి 1881లో పూర్తిచేసినది. 2004 సునామీలో చుట్టుపక్కల ఊరంతా కొట్టుకుపోతూ ఉండగా జనం దానిలోనే తలదాచుకున్నారు. బండా ఆచేలోనే 1963లో ఏర్పడి, 2013లో విశ్వవిద్యాలయమైన ఇస్లామీయ విద్యాసంస్థకు అర్ రానీరీ పేరు పెట్టారు. అబ్దుర్రవూఫ్‌కు కూడా అక్కడ ఒక విశ్వవిద్యాలయం ఉన్నది. ఆయనకు ఆ ప్రజలు పెట్టుకున్న పేరుతో దానిని షియా క్వాలా అంటారు. అంటే నదీముఖపు గురువు అని అర్థం.