రెండు దారుల ఎఫ్‌టీపీ

నస్పూర్‌లో కూర్చుని హైదరాబాద్‌లోని ఎఫ్‌టీపీ సర్వర్‌కు ఫైలు పంపాలంటే మౌస్ ముట్టుకోనక్కర్లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్‌టీపీ అని కొట్టి, సర్వర్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. ‘పుట్’ అంటే మన ఫైలు అటు పోతుంది, ‘గెట్’ అంటే అక్కడిది మనకొస్తుంది. ముందే ‘హ్యాష్’ కొట్టి ఉంచితే డేటా కదిలేకొద్దీ తెర మీద గుర్తులు పడుతూ పోతాయి. ఆ వరుస ఆగిందంటే లైన్ ఆగినట్టే. చివర్లో సర్వర్ 226 అని జవాబిస్తేనే ఫైలు చేరిందని నమ్మాలి.

ఈ పద్ధతికి తొలి ముసాయిదా రాసింది మన దేశస్థుడే. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్, ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్ 16న ఆర్‌ఎఫ్‌సీ 114 అనే పత్రంగా దాన్ని వెలువరించారు. అప్పటికింకా ఇంటర్నెట్ లేదు, దాని పూర్వరూపమైన ఆర్పానెట్ ఉంది. దాని మీద ఒక కంప్యూటర్ 36 బిట్ల చొప్పున లెక్కపెడితే ఇంకోటి 32 చొప్పున లెక్కపెట్టేది. పొత్తు కుదరని ఆ యంత్రాల మధ్య ఫైళ్లు మార్పిడి చేయడం ఎంత పెద్ద పనో ఇప్పుడు ఊహించడం కష్టం.

తర్వాతి సవరణల్లో అసలు విశేషం కుదిరింది. బొగ్గుబాయిలో టబ్బులు లాగే తాడు వేరు, హాలేజీ ఇంజన్ దగ్గర బెల్లు మోగించే తీగ వేరు. ఎఫ్‌టీపీలోనూ అంతే: ఆజ్ఞలకు 21వ పోర్టు, డేటాకు వేరే దారి. 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 959లో ఉన్నది ఈ రూపమే. దీనివల్ల ఒక పక్క ఫైలు పోతుంటే ఇంకో పక్క ఆపమని చెప్పే వీలుంది.

చిక్కు కూడా అక్కడే పుట్టింది. పాత పద్ధతిలో డేటా దారిని సర్వరే మన వైపుకు తెరుస్తుంది. ఫైర్‌వాల్ దాన్ని అపరిచితుడనుకుని ఆపేస్తుంది. లాగిన్ చక్కగా అవుతుంది, ఫైళ్ల జాబితా కోసం ‘డిర్’ కొట్టగానే తెర బిగుసుకుపోతుంది. ఆ దారిని మన వైపు నుంచే తెరిచే పాసివ్ పద్ధతి ఉన్న క్లయింట్ వాడితే పని జరుగుతుంది. విండోస్‌తో వచ్చే ఎఫ్‌టీపీలో అది లేదు.

మరో జాగ్రత్త. విండోస్ ఎఫ్‌టీపీ మొదట ఆస్కీ (టెక్స్ట్) పద్ధతిలో ఉంటుంది. యూనిక్స్ సర్వర్‌కు ఫొటో పంపితే, పక్కపక్కన 13, 10 బైట్లు కనబడిన చోటల్లా 13 పోతుంది, బొమ్మ పాడవుతుంది. అందుకే ముందు ‘బైనరీ’ కొట్టాలి.

పాస్‌వర్డ్ దాపరికం లేకుండా పోవడం మాత్రం క్షమించరాని లోపం. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని తీసేశాయి. ఇప్పుడు వాడాల్సింది ఎస్‌ఎఫ్‌టీపీ: 22వ పోర్టు మీద, అంతా గుప్తలిపిలో, ఒకే దారిన నడుస్తుంది. పుట్, గెట్ అందులోనూ ఉన్నాయి.