కలివికోడి: కంటికి కనిపించని పక్షికి అడుగుజాడలే ఆధారం

కడప జిల్లాలోని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యానికి పగటిపూట వెళ్తే కనిపించేది గులకరాళ్ల నేల, ముళ్ల పొదలు. తుమ్మ జాతి చెట్లు, రేగు, కలివి పొదల మధ్య పొడి గాలి తప్ప పెద్దగా అలికిడి ఉండదు. ఇది ఎడారి కాదు. కానీ ఇక్కడ ప్రసిద్ధి చెందిన పక్షికి దగ్గరి బంధువులన్నీ ఆఫ్రికా పొడి నేలల్లోనే ఉన్నాయి. ఆ పక్షి పేరు కలివికోడి. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్.

దీని శాస్త్రీయ చరిత్ర మాత్రం కడపకు చాలా దూరంలో, కలకత్తాలో మొదలైంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్‌కు ఈ పక్షి దొరికింది. అప్పట్లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూస్తున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. శాస్త్రీయ నామంలోని 'బైటార్క్వేటస్' అనే మాటకు రెండు పట్టెలు ధరించినదని అర్థం. 27 సెంటీమీటర్ల పొడవుండే ఈ పిట్ట రొమ్ముపై రెండు గోధుమ రంగు పట్టెలు ఉంటాయి.

1900 తర్వాత ఇది ఎవరికైనా కనబడినట్లు నమోదు కాలేదు. అంతరించిపోయి ఉంటుందనే అనుమానం బలపడింది. చివరికి 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ బృందం దీన్ని లంకమల ప్రాంతంలోనే మళ్లీ గుర్తించింది. స్థానిక వేటగాళ్లకు మాత్రం ఈ పక్షి కొత్తదేమీ కాదు. కలివి పొదల దగ్గర తిరిగే కోడి అని పేరు పెట్టుకున్నది వాళ్లే! శాస్త్రవేత్తలకు 86 ఏళ్లు కనిపించకపోవడానికి ఒక కారణం తేలికగానే అర్థమవుతుంది: ఇది రాత్రివేళ తిరిగే పక్షి. పగలు పొదల చాటున కదలకుండా ఉంటే పక్కనుంచి నడిచి వెళ్లినా కంటపడదు. 1988లో ఈ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

మరి కనిపించని పక్షిని అధ్యయనం చేయడం ఎలా? పొదల మధ్య అక్కడక్కడా మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి, మర్నాడు వాటిపై పడిన అడుగులను పరిశీలించారు. కోర్సర్లకు వెనుక వేలు ఉండదు కాబట్టి పాదముద్రలో మూడు వేళ్లే కనిపిస్తాయి. అదే కౌజుపిట్ట నడిస్తే వెనుక వేలి గుర్తు కూడా పడుతుంది. అనుమానం ఉన్నచోట, పక్షి అడ్డొస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు అమర్చారు. పొద్దుగూకాక కొద్దిసేపు వినిపించే రెండక్షరాల కూత మరో ఆధారం.

ఈ ఆధారాలన్నీ కలిపి చూశాక ఆసక్తికరమైన లెక్క ఒకటి తేలింది. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్నచోట్లే కలివికోడి ఎక్కువగా తిరుగుతోంది. ఆ లెక్కన ఒక్కో పెద్ద పొదకు సుమారు 14 నుంచి 33 చదరపు మీటర్ల చోటు ఉండాలి. మరోలా చెప్పాలంటే పొదకూ పొదకూ మధ్య దూరం నాలుగు నుంచి ఆరు మీటర్లు. దాక్కోవడానికి చాటు కావాలి, చెదలు, చీమల వంటి పురుగులను వెతుక్కుంటూ పరుగెత్తడానికి ఖాళీ నేలా కావాలి. పొదలు దట్టంగా అల్లుకుపోయినా, పూర్తిగా నరికేసినా ఆ చోటు దీనికి పనికిరాదు.

సంరక్షణలో చిక్కంతా ఇక్కడే ఉంది. పొదలు కొట్టి తోటలు వేస్తే ఆవాసం పోతుంది. తెలుగుగంగ కాలువ పనులు కూడా ఈ పక్షి తిరిగే చోటుకు ముప్పు తెచ్చాయి, ఆ తర్వాత కాలువ మార్గాన్ని మార్చారు. అలాగని మేకలను పూర్తిగా ఆపేసి కంచె వేస్తే మేలు జరుగుతుందా? కొద్దిపాటి మేత, వంటచెరకు సేకరణ వల్లే పొదల మధ్య ఖాళీలు నిలిచి ఉండవచ్చని పరిశోధకుల అంచనా. 'కొద్దిపాటి' అంటే ఎన్ని మేకలన్నది తేల్చడం తేలిక కాదు.

కలివికోడి నేడు అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో ఇది కంటబడటమే చాలా అరుదు. కాబట్టి లంకమలకు వెళ్లేవారు దీన్ని చూస్తామన్న ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. ఫోన్‌లో దాని కూత వినిపించి పిలవాలన్న సరదా అసలే వద్దు. మరో పక్షి తన చోటులోకి వచ్చిందని అది కంగారు పడుతుంది. పగటి వెలుగులో చూడగలిగింది దాని ఇల్లు: రేగు పొద, నాలుగైదు అడుగులు వేస్తే కలివి పొద, మధ్యలో ఎర్రటి ఖాళీ నేల.