కుడి లేన్ ఎవరిది?

ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు. జిల్లా పేజీ చదివేవారికి ఈ శీర్షిక కొత్త కాదు. ఊరి పేరు మారుతుంది, మృతుల సంఖ్య మారుతుంది, మిగతా వార్తంతా అదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు రెండు శాతమే. చావుల్లో మాత్రం వాటి వాటా 36 శాతం.

రోడ్డు వెడల్పయితే ప్రమాదాలు తగ్గాలి కదా అనిపిస్తుంది. మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి ఎదురెదురుగా ఢీకొనడం నిజంగానే తగ్గుతుంది. కానీ వేగం పెరుగుతుంది, ఒకే దిక్కుకు పోయే బండ్ల వేగాల్లో తేడా ఇంకా ఎక్కువ పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్లతో వచ్చే కారుకు 30తో పోయే ట్రాక్టర్ అదే లేన్‌లో తగులుతుంది. అలాంటి చోట మనం ఏం చేయబోతున్నామో చుట్టూ ఉన్నవాళ్లకు ముందే తెలియాలి. మనలో చాలామంది డ్రైవింగ్ నేర్చుకున్నది సింగిల్ రోడ్ల మీద. అక్కడ అబ్బిన అలవాట్లనే నాలుగు లేన్ల మీదికీ ఎనిమిది లేన్ల మీదికీ తెచ్చుకున్నాం. కింది అపోహల్లో చాలావాటి పుట్టుక అదే.

“లిమిట్‌లోనే పోతున్నాను, కుడి లేన్‌లో ఉంటే తప్పేంటి?”

తప్పే. కుడి లేన్ ఉన్నది ముందు బండిని దాటడానికి. దాటాక వీలైనంత త్వరగా ఎడమకు రావాలి. ఎడమగా నడపాలి, కుడివైపు నుంచి దాటాలి అన్నదే మన రోడ్డు నియమాలకు మూలం. ముందు బండి కుడికి తిరగబోతూ ఇండికేటర్ వేసి ఉంటే ఎడమ నుంచి దాటడం వేరే సంగతి. వెనకాలవాడు లిమిట్ దాటి వస్తుంటే వాడి సంగతి పోలీసులు, కెమెరాలు చూసుకుంటాయి. మనం దారి బిగించి కూర్చుంటే వాడు నెమ్మదించడు, ఎడమ నుంచి దూరతాడు. ఎడమ నుంచి బండి వస్తుందని ఎవరూ అనుకోరు. లారీ డ్రైవర్‌కైతే ఆ పక్క సరిగా కనిపించదు కూడా.

“లారీవాళ్లే కుడి వదలరు, మాకెందుకు చెబుతారు” అంటారు కొందరు. లారీ డ్రైవర్‌ను తిట్టే ముందు ఎడమ లేన్ ఎలా ఉందో చూడాలి. కోతల కాలంలో సగం లేన్ మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. బస్సు కోసం జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు. ధాబా ముందు లారీల వరుస. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు. ఓవర్‌లోడ్‌తో అణిగిపోయిన తారు. 20 టన్నుల బరువుతో పోతున్నవాడు పదే పదే బ్రేకు వేసి, గేర్లు మార్చి, లేన్ మారడం కంటే కుడిలోనే ఉండిపోదామనుకోవడంలో వింత లేదు. ఎడమ లేన్‌ను ఖాళీ చేయించకుండా లారీలకు చలాన్లు రాసినంత మాత్రాన ఈ జబ్బు కుదరదని నా గట్టి నమ్మకం.

అయితే ఈ సాకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. టూవీలర్లకు, ఆటోలకు, పాదచారులకు ప్రవేశం లేదు. ఎడమ శుభ్రంగా ఉంటుంది. అయినా కుడి చివరి లేన్‌లో ఫోన్ మాట్లాడుకుంటూ 70తో పోయే కారు కనిపిస్తూనే ఉంటుంది.

“నాలుగు ఇండికేటర్లూ వేస్తే నేరుగా వెళ్తున్నానని అర్థం”

ఈ అర్థం ఏ నిబంధనలోనూ లేదు. నేరుగా వెళ్లడానికి ఏ ఇండికేటరూ అక్కర్లేదు. హజార్డ్ లైట్లు ఉన్నది బండి చెడిపోయి కదలనప్పుడు, దారికి అడ్డంగా ఆగాల్సి వచ్చినప్పుడు. కూడలిలో అవి వేస్తే పక్క నుంచి చూసేవాడికి ఒకవైపు దీపమే కనిపిస్తుంది. మనం తిరుగుతున్నామనుకుని వాడు ముందుకొస్తాడు.

వానలో వీటిని వేసుకుని పోవడం ఇంకా పెద్ద అలవాటు. కనబడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ అవి వెలుగుతున్నంతసేపూ చాలా కార్లలో ఇండికేటర్ పనిచేయదు. లేన్ మారుతున్నామని చెప్పే ఒకే ఒక్క దారిని మనమే మూసేసుకుంటాం. ఆగి ఉన్న బండి ఏదో, కదిలే బండి ఏదో వెనకవాడికి తేడా తెలియదు. జోరువానలో హెడ్‌లైట్లు లో బీమ్‌లో వేయాలి, వేగం తగ్గించాలి, ఎడమకు రావాలి. పగలు ముందు వెలిగే చిన్న దీపాలను నమ్ముకోవద్దు. చాలా కార్లలో అవి వెలిగినప్పుడు వెనక ఎర్ర లైట్లు వెలగవు. ముందు ట్రాఫిక్ అంతా హఠాత్తుగా ఆగిపోతే వెనకవాళ్లను హెచ్చరించడానికి కాసేపు హజార్డ్ వేయడం మాత్రం తెలివైన పనే.

“గ్యాప్ వదిలితే ఎవడో దూరతాడు”

దూరతాడు, నిజమే. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఎత్తితే మళ్లీ గ్యాప్ వస్తుంది. పోయేది రెండు మూడు సెకన్లు. 100 వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ముందు బండికీ మనకూ మూడు సెకన్ల దూరం అంటే 80 మీటర్ల పైమాటే. ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మూడు సెకన్లు లెక్కపెట్టి, అప్పటికి మనం ఆ స్తంభం చేరకపోతే సరిపోయినట్టు.

“రోడ్డు పక్కనే ఆపాం, ఏమీ కాదు”

మొదట చెప్పిన వార్త ఇక్కడే పుడుతుంది. రాత్రి లో బీమ్‌లో చీకటి లారీ కంటికి ఆనేది సుమారు 50, 60 మీటర్ల దూరంలో. 100 వేగంలో మెదడు గ్రహించి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒక సెకను, 28 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారుకైనా ఆగడానికి 40 మీటర్లకు పైనే కావాలి. కూడితే 70 దాటుతుంది. అంటే చూసేసరికే ఆలస్యమైపోయింది. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా ఈ లెక్కను మార్చలేడు.

బండి చెడితే రెండు చక్రాలు తెల్ల గీత ఇవతల పెడితే చాలదు, మొత్తం కిందికి దించాలి. హజార్డ్ లైట్లు వేసి, డిక్కీలో ఉన్న ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణాన్ని బండికి బాగా వెనక్కి పెట్టాలి. కారులోనివాళ్లు కూర్చోకుండా దిగి, రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033కి ఫోన్ చేయాలి. లారీవాళ్లు రాళ్లు, కొమ్మలు అడ్డం పెడతారు. బండి బాగయ్యాక కొమ్మలు, రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. తర్వాత వచ్చే బైకు ఆ రాళ్లకే తగిలి పడుతుంది.

“సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమకు పోవచ్చు”

బోర్డు ఉన్నచోటే. లేనిచోట ఎర్ర దీపం ఎడమకు తిరిగేవారికీ వర్తిస్తుంది. అలాగే ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట నేరుగా వెళ్లేవారు ఎడమ లేన్‌కు అడ్డంగా నిలబడటమూ తప్పే.

“కొంచెం దూరమే కదా, రాంగ్ రూట్‌లో పోదాం”

బైకు 40, ఎదురొచ్చే కారు 80. రెండూ సెకనుకు 33 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. ఒకవైపు రోడ్డు మీద ఎదురు నుంచి బండి వస్తుందని ఎవరి కన్నూ వెతకదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ దీన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గానే చూస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. అయితే హైవే పడి ఊరు రెండు ముక్కలైన చోట, ఇల్లు ఒకవైపు, పొలం ఒకవైపు ఉన్న రైతుకు యూటర్న్ నాలుగు కిలోమీటర్ల అవతల పెడితే ఏమవుతుందో రోడ్డు గీసినవారికి తెలియాలి. అండర్‌పాస్, సర్వీసు రోడ్డు ఇవ్వకుండా చలాను ఒక్కటే చూపించడం అన్యాయం.

“ఎగ్జిట్ దాటిపోయింది, నాలుగడుగులు రివర్స్ చేద్దాం”

ఔటర్ మీద ఇది ప్రాణాలతో చెలగాటం. ఎగ్జిట్ దగ్గర అప్పటికే కొందరు వేగం తగ్గిస్తుంటారు, కొందరు లేన్ మారుతుంటారు. అందరి చూపూ ముందుకే ఉంటుంది. వెనక్కి వచ్చే బండి ఎవరి లెక్కలోనూ ఉండదు. తర్వాతి ఇంటర్‌ఛేంజ్‌లో దిగి తిరిగి వస్తే కొంత సమయం, దూరాన్ని బట్టి కాస్త ఎక్కువ టోల్, అంతే. ఎన్నో నంబరు ఎగ్జిట్‌లో దిగాలో ఎక్కకముందే పక్క సీట్లోవారికి చెప్పి ఉంచండి. మొదటి బోర్డు కనపడగానే ఇండికేటర్ వేసి, ఒక్కొక్క లేన్ చొప్పున ఎడమకు రండి.