పిల్లలకు దక్కేది 77 సెకన్లు

విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 6, 7, 8 తరగతుల్లో 35 మంది పిల్లలకు కనీసం ఒక టీచరు ఉండాలి. పీరియడు 45 నిమిషాలు అనుకుందాం. టీచరు నోరు విప్పకుండా, హాజరు పిలవకుండా, బోర్డు మీద ఒక్క అక్షరం రాయకుండా ఆ సమయమంతా పిల్లలకే వదిలేస్తే ఒక్కొక్కరికి మాట్లాడటానికి 77 సెకన్లు వస్తాయి. సగం సమయం పాఠానికి పోతే 38. ఆ 38 అయినా అందరికీ సమానంగా అందవు. ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తే నలుగురైదుగురు ప్రతి క్లాసులోనూ ఉంటారు. చివరి బెంచీలో గోడవైపు కూర్చున్న అమ్మాయి ‘ఎస్ మేడమ్’ తప్ప ఇంకో మాట లేకుండా వారం గడిపేసినా ఎవరూ గమనించరు. పైగా ఆ అమ్మాయికి బుద్ధిమంతురాలని పేరు.

మాట్లాడటం, విన్నదాన్ని తూచి చూడటం. ఈ రెండు నైపుణ్యాలకు కాగితాల మీద కొరతేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 10 జీవన నైపుణ్యాల్లో రెండూ ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానంలోనూ ఉన్నాయి. మన తెలుగు వాచకాల్లో ‘అవగాహన–ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ శీర్షికల కింద అభ్యాసాలు ఏళ్లుగా వస్తున్నాయి. ‘మీ సొంత మాటల్లో రాయండి’ అని అక్కడ ప్రశ్న ఉంటుంది. ఆ సొంత మాటలు గైడులో దొరుకుతాయి. నోటుబుక్కులు తిరగేస్తే 35 మంది సొంత మాటలూ ఒక్కటే! ఆగస్టు 15 వక్తృత్వపు పోటీలో నాన్న రాసిచ్చిన రెండు పేజీలు గడగడా అప్పజెప్పిన పిల్లాడికి మొదటి బహుమతి వస్తుంది. మధ్యలో ఒక వాక్యం జారిపోతే మాత్రం మళ్లీ ‘సభకు నమస్కారం’ దగ్గర్నుంచి అందుకోవాల్సిందే. ఎవరు చెప్పినా వినాలి, నిజమేదో తేల్చుకున్నాకే నమ్మాలి అని బోధించే సుమతీ శతక పద్యాన్ని కూడా మనం బట్టీ పట్టించే నేర్పాం.

ఈ బట్టీ చదువు ఫలితం ఎక్కడ బయటపడుతుందో చూపించే లెక్క ఒకటి ఉంది. ‘ప్రథమ్’ సంస్థ జరిపే అసర్ సర్వే 2023లో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల పల్లెలకు వెళ్లి 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను దాదాపు 35 వేల మందిని పలకరించింది. వాళ్లకిచ్చిన పనుల్లో ఒకటి, స్కేలు పక్కన పెట్టిన వస్తువు పొడవు చెప్పడం. వస్తువు అంచు సున్నా దగ్గర ఉన్నప్పుడు దాదాపు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. సున్నా దగ్గర కాకుండా కాస్త పక్కకు జరిపి పెట్టేసరికి సరైన జవాబు చెప్పినవాళ్లు 39 శాతానికి పడిపోయారు.

ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి. పెన్సిలు 3 దగ్గర మొదలై 9 దగ్గర ముగిసిందనుకోండి. జవాబు 6. చేయాల్సింది చిన్నప్పుడే నేర్చుకున్న తీసివేత. తప్పు చెప్పినవాళ్లలో ఎక్కువమందికి 9లోంచి 3 తీసేయడం రాదంటే నమ్మలేం. ‘చివర ఏ అంకె ఉంటే అదే పొడవు’ అన్న కొండగుర్తు ఒకటి వాళ్ల దగ్గరుంది. అదెందుకు పనిచేస్తుందో టీచరు చెప్పి ఉండరు, పిల్లలు అడిగి ఉండరు. వస్తువు జరిగింది, కొండగుర్తు చెల్లలేదు. జామెట్రీ బాక్సులో మొదటి సెంటీమీటరు విరిగిపోయిన స్కేలు ఉన్న పిల్లాడు బహుశా ఈ ప్రశ్నకు సరిగ్గానే చెప్పేవాడు. అవసరం వాడికి ముందే నేర్పి ఉంటుంది. విమర్శనాత్మక ఆలోచన అనే పెద్ద పేరు వెనక మొదటి మెట్టు ఇంతే: నాకు తెలిసిన సూత్రం ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అని ప్రశ్నించుకోవడం.

అదే సర్వేలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీది సూచనలు చదివించి 4 ప్రశ్నలు వేశారు. చదవడం వచ్చినవాళ్లలో కనీసం 3 ప్రశ్నలకు జవాబు చెప్పగలిగింది మూడింట రెండు వంతుల మందే. మిగతా వాళ్లకు అక్షరాలు తెలుసు, వాక్యాలు పైకి చదవగలరు. ఆ నీళ్లు ఎలా కలపాలో, ఎంతసేపట్లో వాడెయ్యాలో ప్యాకెట్ చెబుతున్నా అది వాళ్లదాకా చేరలేదు. ఇంట్లో పసిపిల్లకు విరేచనాలు పట్టుకున్న రాత్రి ఆ ప్యాకెట్ చదివి చెప్పాల్సింది సాధారణంగా ఆ వయసు పిల్లలే.

ఇక్కడ పాఠకులకూ ఒక చిన్న పరీక్ష. 2024 డిసెంబరు 4న జరిగిన ‘పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్’లో దేశం మొత్తం మీద 21 లక్షలకు పైగా పిల్లలు పరీక్ష రాశారు. గణితంలో 6వ తరగతి సగటు 46 శాతం, 9వ తరగతి సగటు 37 శాతం. ‘మూడేళ్లలో 9 పాయింట్లు దిగజారిన పిల్లలు’ అని హెడ్డింగు పెట్టేయొచ్చు. మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోకూడదు. 6లో రాసిన పిల్లలు వేరు, 9లో రాసిన పిల్లలు వేరు, ప్రశ్నపత్రాలూ వేరు. 9వ తరగతివాళ్లు తమ స్థాయి లెక్కల్లో మూడో వంతుకు కాస్త మించి మాత్రమే సరిగ్గా చేయగలిగారన్నంత వరకే ఆ అంకె చెబుతుంది. అది చాలు దిగులు పడటానికి, అదనంగా కథ అల్లక్కర్లేదు.

వాస్తవాన్నీ అభిప్రాయాన్నీ విడదీయడం రెండో మెట్టు. ఇందులో డబ్బున్న దేశాలు కూడా గొప్పగా లేవు. 15 ఏళ్ల పిల్లలకు సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ నిర్వహించే పీసా పరీక్ష 2018 విడతలో ఈస్టర్ దీవి మీద ఒక పుస్తక సమీక్ష ఇచ్చి, అందులోని వాక్యాల్లో ఏది వాస్తవం, ఏది అభిప్రాయం అని అడిగారు. తొలి యూరోపియన్లు 1722లో దిగేనాటికి ఆ దీవి మీద అడవులు లేవనడం ఒక రకం వాక్యం. పర్యావరణం మీద ఆందోళన ఉన్నవాళ్లు ఆ పుస్తకం చదవాలనడం ఇంకో రకం. ఆ విడత మొత్తం ఫలితాల్లో, పైకి కనపడని ఆనవాళ్లను బట్టి ఈ తేడా పట్టుకోగల స్థాయికి చేరినవాళ్లు ఓఈసీడీ దేశాల్లో పదిమందిలో ఒకరికన్నా తక్కువ. మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ 2009 విడత పరీక్ష రాసి దాదాపు అట్టడుగున నిలిచాయి. 2012 నుంచి 2022 దాకా జరిగిన ఏ విడతలోనూ భారత్ లేదు.

మన పిల్లలకు ఈస్టర్ దీవి అక్కర్లేదు, నాగార్జునసాగర్ ఉంది. బోర్డు మీద మూడు వాక్యాలు రాయండి. ‘సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు.’ ‘తెలుగు నేల మీద సాగర్‌ను మించిన కట్టడం లేదు.’ ‘సాగర్ లేకపోతే గుంటూరు, నల్లగొండ జిల్లాల్లో వరి ఇంతగా పండేది కాదు.’ మొదటిది వాస్తవం, పుస్తకం తిరగేసి సరిచూడొచ్చు. రెండోది అభిప్రాయం, గుంటూరు పిల్లలు ఔనంటారు, ధవళేశ్వరం పిల్లలు ఊరుకోరు. మూడోదాని దగ్గర క్లాసు ఇరుక్కుంటుంది. అది వాస్తవంలా వినిపిస్తుంది కానీ జరగని సంగతి గురించి చెబుతోంది. ఏం చూపిస్తే దాన్ని నమ్మొచ్చు? కాలువ రాకముందు ఎన్ని ఎకరాల్లో వరి వేసేవాళ్లు, వచ్చాక ఎన్ని? అదే కాలంలో కాలువ అందని పక్క మండలాల్లో ఏమైంది? బోర్లు, కొత్త వంగడాలు కూడా అప్పుడే వచ్చాయిగా? ఎనిమిదో తరగతి పిల్లలు ఈ ప్రశ్నల దాకా వస్తే జవాబు దొరక్కపోయినా ఆ పీరియడు దండగ కాదు.

ఇంకో చిక్కు కూడా అక్కడే ఉంది. ఒక పుస్తకంలో సాగర్ 1955 అని, మరోదాంట్లో 1967 అని ఉంటుంది. ఏది తప్పు అని అడిగితే పిల్లలు రెండు జట్లుగా విడిపోతారు. నిజానికి రెండూ ఒప్పే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ‘ఏ పని జరిగిన సంవత్సరం?’ అని ఎదురు ప్రశ్న వేసిన పిల్లకు మార్కులు వేయాలి. మన బిట్ పేపర్లో అలాంటి జవాబుకు ఖాళీ ఉండదు.

ఫోను చేతికొచ్చాక ఈ నైపుణ్యం ఖరీదు పెరిగింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో వెల్లడించిన అధ్యయనంలో 203 మంది మిడిల్ స్కూలు పిల్లలకు ఒక వార్తా సైటు మొదటి పేజీ చూపించారు. ‘స్పాన్సర్డ్ కంటెంట్’ అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను 80 శాతానికి పైగా పిల్లలు నిజమైన వార్తే అనుకున్నారు. మన దగ్గర పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల్లో నిండు పేజీ ర్యాంకుల ప్రకటనలు చూడండి. ఒక విద్యాసంస్థ తన పిల్లల్లో 40 మందికి అత్యధిక మార్కులు వచ్చాయని ఫొటోలతో వేసిందనుకోండి, పక్క ఊరి బడిలో 12 మందికే వచ్చాయి. మొదటి సంస్థ నుంచి 8,000 మంది రాస్తే అది అర శాతం. ఊరి బడి నుంచి 200 మంది రాస్తే అది 6 శాతం. శాతాలు ఏడో తరగతి గణితంలోనే ఉన్నాయి. ‘మొత్తం ఎంతమందిలో?’ అన్న మాట ఆ పేజీ మీద వెతికితే దొరకదు. అది లేకపోవడం గమనించడమే చదువు.

ఇదంతా నేర్పడానికి డిజిటల్ బోర్డో, కొత్త సబ్జెక్టో కావాలనుకుంటే పొరపాటు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త టేపుల్లో రికార్డు చేసిన క్లాసులు విని 1974లో ఒక సంగతి ప్రచురించారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. ఆపైన ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. ఆ విరామాన్ని 3 సెకన్లు దాటించినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది, వెనకబడ్డారనుకున్నవాళ్లు కూడా నోరు విప్పారు. పీరియడులో 20 ప్రశ్నలు వేసే టీచరుకు దీనివల్ల అదనంగా అయ్యే ఖర్చు 40 సెకన్లు. అయితే ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం టీచరుకు భరించడం కష్టం. వరండాలో హెడ్మాస్టరు నడుస్తుంటే మరీ కష్టం.

మొదట్లో వేసిన 77 సెకన్ల లెక్కకు విరుగుడు ఇంకా తేలిక. రోజుకు 10 నిమిషాలు పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెడితే ఒక్కొక్కరికి 5 నిమిషాలు వస్తాయి. 6, 7, 8 తరగతులకు విద్యాహక్కు చట్టం చెప్పిన 220 పనిదినాలకు అది 18 గంటలు దాటుతుంది. ఒక్క షరతు పెట్టాలి: లేచి చెప్పాల్సింది తన మాట కాదు, పక్కవాడు చెప్పింది. చెప్పాక ఆ పక్కవాడు ‘ఔను, నేనన్నది అదే’ అనాలి. ‘అది కాదు మేడమ్, నేనలా అనలేదు’ అన్న మాట మొదటి వారం చాలాసార్లు వినిపిస్తుంది. అక్కడే వినడం మొదలవుతుంది. ఒప్పుకోకపోవడానికీ మర్యాదైన మాట నేర్పాలి. మన ఇళ్లలో కారణం చెప్పి కాదన్నా అది ఎదురు మాట్లాడటం కిందే లెక్క. ‘మీరు చెప్పింది విన్నాను సార్, ఈ ఒక్క ముక్క నాకు కుదరడం లేదు, ఎందుకంటే...’ అనడం వచ్చిన పిల్లవాడు పెంకివాడు కాడు.

మంత్రాలేవీ లేవన్నది కూడా చెప్పాలి. 1980లలో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన ఫిలిప్ ఏడీ, మైకేల్ షాయర్ 11, 12 ఏళ్ల పిల్లలకు రెండేళ్లలో 30 ఆలోచనా పాఠాలు రూపొందించారు. చిక్కుముడి ఇచ్చి, జట్లుగా వాదించుకోనిచ్చి, ఎలా ఆలోచించారో చెప్పించడం వాటి పద్ధతి. ఆ పిల్లలు 16 ఏళ్లకు రాసిన పరీక్షల్లో సైన్సులోనే కాదు, గణితంలో, ఇంగ్లిషులో కూడా మెరుగయ్యారు. ఆ బాటలోనే వచ్చిన కార్యక్రమాన్ని 2010 దశకంలో ఇంగ్లండులో పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షిస్తే మార్కుల్లో తేడా కనిపించలేదు. ఒక పద్ధతి ఒకచోట పండిందని ప్రతిచోటా పండదు. రెండు వారాల ‘స్పోకెన్, థింకింగ్ స్కిల్స్’ శిబిరానికి వేలు కట్టే తల్లిదండ్రులు ఈ రెండో ఫలితం కూడా గుర్తుంచుకోవాలి.

పరీక్షలో లేనిది క్లాసులో నిలవదు. సీబీఎస్‌ఈ 2023–24 నుంచి 9, 10 తరగతుల ప్రశ్నపత్రాల్లో 50 శాతం ప్రశ్నలు సామర్థ్య ఆధారితంగా, అంటే తెలిసినదాన్ని కొత్త సందర్భానికి వాడేలా ఉండాలంది. తెలంగాణ బడుల నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యానికి, ప్రతిస్పందనలకు 20కి 5 మార్కులున్నాయి. నోరు విప్పినవాళ్లకూ విప్పనివాళ్లకూ కలిపి అందరికీ 5 వేసేస్తే ఆ గడి ఉన్నా లేనట్టే.

ఈసారి పేరెంట్స్ మీటింగులో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు టీచరును ఒక్కటి అడగండి: మా అమ్మాయి ఈ నెలలో క్లాసులో ఎన్నిసార్లు మాట్లాడింది, చివరిసారి ఏమంది? టీచరు దగ్గర జవాబు లేకపోతే తప్పు పట్టకండి, వచ్చే నెల మీటింగులో మళ్లీ అడగండి.