పాత పడవ – కొత్త తీగలు

కృష్ణా పశ్చిమ డెల్టాలో నీరు పంటలకు జీవనాధారం మాత్రమే కాదు. ఒకనాడు అదే ప్రధానమైన రహదారి. 1852లో ప్రారంభమై 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట పొలాలకు నీటినీ, పడవలకు మార్గాన్నీ ఏకకాలంలో ప్రసాదించింది. సీతానగరం వద్ద బయలుదేరే ప్రధాన కాలువ దుగ్గిరాల చేరి శాఖలుగా చీలుతుంది. తూర్పు కాలువ, పశ్చిమ కాలువ, నిజాంపట్నం కాలువ తెనాలి పట్టణం గుండా సాగిపోతాయి. కొమ్మమూరు కాలువ దుగ్గిరాల నుండి పెదగంజాం వరకు ప్రవహించి అక్కడ బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. రైళ్ళు, లారీలు విస్తరించక పూర్వం ధాన్యం, ఉప్పు, కలప వంటి సరకులు ఈ కాలువల మీదనే ప్రయాణించేవి. రేపల్లె సమీపంలోని పెనుమూడి రేవు నుండి ఆవలి ఒడ్డున ఉన్న పులిగడ్డకు వంతెన ఏర్పడే వరకు ప్రజలు పడవల మీదనే కృష్ణను దాటేవారు.

ఇప్పుడు కాలువలలో సరకుల పడవలు కనుమరుగైనాయి. అయినా ఈ ప్రాంతానికి పడవతో సంబంధం తెగిపోలేదు. నిజాంపట్నం హార్బరులో చేపల వేటకు వెళ్ళే మరపడవలు బారులు తీరి ఉంటాయి. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక సముద్రతీరానికి సెలవు దినాలలో వేలాది మంది తరలివస్తారు. విహారం కోసం పడవ ఎక్కాలనే ఉత్సాహం ప్రజలలో పెరిగిన కొద్దీ చిన్న మరపడవలకు గిరాకీ పెరుగుతుంది. కొత్త పడవ ఖరీదైనది. కావున ఒకరు వాడి వదిలిన పడవను మరొకరు తక్కువ ధరకు కొని బాగుచేయించుకోవడం సహజం. అట్లా కొన్నవారు సాధారణంగా మొదట చేసే పని రంగు వేయించడం. ఆ తరువాత ఇంజను సంగతి చూస్తారు. తీగల సంగతి చాలామందికి చిట్టచివరనే గుర్తుకు వస్తుంది. దీపం వెలిగితే చాలు, తీగ బాగున్నట్లే అని భావిస్తారు. పాత పడవలో దాగి ఉన్న అసలు ప్రమాదం ఈ భావనలోనే ఉన్నది.

ఇంట్లో నిప్పు అంటుకుంటే మనిషి వీధిలోకి పరుగెత్తగలడు. ఇరుగుపొరుగువారు బిందెలతో వస్తారు. నడినీటిలో ఉన్న పడవకు వీధి లేదు, ఇరుగుపొరుగు లేదు. 2018 మే నెలలో పర్యాటకులతో పాపికొండలకు బయలుదేరిన ఒక లాంచీ దేవీపట్నం ప్రాంతంలో గోదావరి మీద మంటలలో చిక్కుకున్నది. వెంటనే ఒడ్డుకు చేర్చడం వలన ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. విద్యుత్ షార్ట్ సర్క్యూట్ కారణమై ఉంటుందని ఆనాటి వార్తలు తెలిపాయి. ఒడ్డు దగ్గరగా ఉండటం వారి అదృష్టం. అయితే పడవ భద్రతను అదృష్టానికి వదిలివేయరాదు.

పాత పడవను బాగుచేసేటప్పుడు ముందుగా దానిని నీటి నుండి గట్టుకు చేర్చి పూర్తిగా ఆరనివ్వాలి. కొయ్య పడవ అయితే పలకల సందులను పరిశీలించి, పుచ్చిన పలకలను మార్చి, సందులలో నూలు దూర్చి గుగ్గిలం, నూనె కలిపిన ముద్దను పట్టించడం మన పడవ పనివారికి తరతరాలుగా తెలిసిన విద్య. ఫైబరు గ్లాసు పడవ అయితే చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూడాలి. గట్టి భాగం ఖణీమని మోగుతుంది. లోపల నీరు చేరి కుళ్ళిన భాగం బొదబొదమంటుంది. ఇంజను బిగించే వెనుక భాగాన్ని, అంటే అమరాన్ని, మరింత శ్రద్ధగా చూడాలి. అక్కడ ఫైబరు పొరల మధ్య ఉండే చెక్క, మరల రంధ్రాల గుండా దిగిన నీటితో క్రమంగా మెత్తబడుతుంది.

ఆ తరువాత తీగల పని. పాత పడవలో మూత తీసి చూస్తే ఎన్నో చేతులు చేసిన పనులు ఒకదానిపై ఒకటి పేరుకొని కనబడతాయి. ఎక్కడి నుండి ఎక్కడికి పోతున్నదో తెలియని తీగ ఒకటి, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మరొకటి. సాధారణంగా ఈ పనులు ఇళ్ళకు వైరింగు చేసేవారో, వాహనాలకు మరమ్మతు చేసే ఆటో ఎలక్ట్రీషియన్లో చేసి ఉంటారు. వారు తమ తమ వృత్తులలో నిపుణులే. అయినా ఇంటికి పనికివచ్చే పద్ధతి, కారుకు పనికివచ్చే పద్ధతి పడవకు పనికిరావు.

ఇంటి గోడలలో తీగ కదలదు. పడవలో ఇంజను అదురు వలన, అలల తాకిడి వలన తీగ నిరంతరం కంపిస్తూ ఉంటుంది. ఒంటిపోగు తీగ అట్లా వంగి వంగి కొంతకాలానికి లోపలనే తెగిపోతుంది. కావున సన్నని పోగులు అనేకం కలిసిన తీగనే వాడాలి. అయితే రాగి పోగుల మధ్య ఉండే సందులు దీపపు వత్తి నూనెను పీల్చినట్లు తేమను పీల్చుకుంటాయి. ఉప్పు గాలి తగిలిన రాగికి చిలుము పడుతుంది. అది పై తొడుగు కింద మూరల కొద్దీ పాకిపోతుంది. ఇత్తడి పాత్రలకు కళాయి పూయించినట్లే పడవ తీగలలోని ప్రతి పోగుకు తగరపు పూత ఉండటం శ్రేయస్కరం. అతుకులను మెలిపెట్టి టేపు చుట్టరాదు. తగిన కొలత గల లోహపు తొడుగులో తీగ కొనను ఉంచి పనిముట్టుతో గట్టిగా నొక్కి, దానిపై వేడికి ముడుచుకొనే గొట్టాన్ని బిగించాలి. అప్పుడు తేమ లోపలికి చొరబడదు.

కారులో బ్యాటరీ ఋణధ్రువాన్ని ఇనుప చట్రానికి కలుపుతారు. దానినే ‘బాడీ ఎర్త్’ అంటారు. ఆ చట్రమే విద్యుత్తు తిరిగివచ్చే దారి కనుక ప్రతి దీపానికి ఒక తీగ చాలు. కొయ్యకు, ఫైబరుకు ఆ గుణం లేదు. లోహపు పడవలో ఆ దారి ఉన్నప్పటికీ దానిని వాడరాదు. అట్లా వాడితే నీటిలోని లోహం త్వరగా తినివేయబడుతుంది. అందువలన పడవలో ప్రతి పరికరానికి పోవడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి చొప్పున రెండు తీగలు తప్పనిసరి.

తీగ లావును నిర్ణయించడంలో కూడా లెక్క అవసరం. ఉదాహరణకు బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉన్న పంపు 5 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుందని అనుకుందాం. రానుపోను తీగ పొడవు 10 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.0175 ఓముల నిరోధం ఉంటుంది. అంటే మొత్తం 0.175 ఓములు. దీనిని 5 ఆంపియర్లతో గుణిస్తే దాదాపు 0.9 వోల్టు దారిలోనే నష్టమవుతుంది. ఇంట్లోని 230 వోల్టులలో ఈ నష్టం లెక్కలోనికి రాదు. పడవలోని 12 వోల్టులలో అది 7 శాతానికి మించుతుంది. పంపు నీరసంగా తిరుగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగను వాడితే నష్టం 0.35 వోల్టుకు, అనగా 3 శాతం లోపునకు తగ్గుతుంది. దీపాలకు, నీటిని తోడే పంపుకు ఈ 3 శాతం హద్దును పాటించడం పడవ నిపుణుల సంప్రదాయం.

12 వోల్టులకు షాక్ కొట్టదు కనుక అపాయం లేదనుకోవడం పొరపాటు. చిలుము పట్టిన అతుకులో పావు ఓము నిరోధం ఏర్పడి, దాని గుండా 10 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడ 25 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మరమ్మతు చేసేవారు సీసం కరిగించడానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ శక్తి కూడా దాదాపు అంతే. గింజంత చోట అంత వేడి నిలిస్తే తొడుగు కరిగి పక్కనున్న తీగకు తగులుతుంది. రెండు ధ్రువాలు నేరుగా కలిసిననాడు బ్యాటరీ వందల ఆంపియర్లను ఒక్కసారిగా వెలువరిస్తుంది. ఈ ఆపదను అరికట్టేదే ఫ్యూజు. అది దీపాన్ని కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి ఉన్నది. కావున దానిని దీపం వద్ద కాక బ్యాటరీకి అతి సమీపంలో, వీలైతే జానెడు దూరం లోపలనే అమర్చాలి. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న తీగకు ఏ రక్షణా లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

తీగలు చక్కగా ఉన్నంత మాత్రాన పని ముగియదు. నీటిలో మునిగి ఉండే లోహాల సంగతి కూడా చూడాలి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు నీరు ఉంటే విద్యుత్తు పుడుతుందని 1800లో వోల్టా నిరూపించాడు. పడవ కింద ఇత్తడి లేదా కంచు పంకా, ఉక్కు ఇరుసు, అల్యూమినియం ఇంజను భాగాలు ఒకే నీటిలో ఉంటాయి. అనగా పడవ అడుగే ఒక బ్యాటరీగా మారుతుంది. అందులో బలహీనమైన లోహం కరిగిపోతుంది. దీనికి విరుగుడుగా మరింత సులభంగా కరిగే లోహపు దిమ్మెను తగిలిస్తారు. అది తాను కరిగి తక్కినవాటిని కాపాడుతుంది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగిరేకులకు జింకు, ఇనుప ముక్కలను జతచేసి ఈ ఉపాయాన్ని పరీక్షించాడు. రాగి నిలిచింది. కాని రాగి కరగకపోవడం వలన నాచు, నత్తలు రేకులను పట్టుకొని ఓడలు మందగించాయి. ఒక సమస్యకు పరిష్కారం మరొక సమస్యకు కారణం కావచ్చునని ఈ వృత్తాంతం తెలుపుతుంది.

దిమ్మెకు ఏ లోహం తగినదన్నది నీటిని బట్టి ఉంటుంది. తెనాలి కాలువలలో ఉండేది మంచినీరు. దానికి మెగ్నీషియం తగును. రేపల్లెకు దిగువన కృష్ణ సముద్రాన్ని చేరే చోట పోటు వేళ ఉప్పు నీరు నదిలోకి ఎగబాకుతుంది. ఆ ఉప్పుమంచి కలిసిన నీటికి అల్యూమినియం మేలు. బాపట్ల సముద్రంలో జింకు గాని, అల్యూమినియం గాని పనిచేస్తుంది. తెనాలిలో అమర్చిన మెగ్నీషియం దిమ్మెతోనే పడవను సూర్యలంకకు తీసుకుపోతే అది కొద్దికాలంలోనే హరించుకుపోతుంది. దిమ్మె మీద రంగు వేస్తే అది పనిచేయడం మానివేస్తుంది. అందం కోసం వేసిన రంగు అక్కడ రక్షణను హరిస్తుంది.

మంచినీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేయదు కనుక కాలువ సురక్షితమని కొందరు తలుస్తారు. నిజానికి బ్యాటరీని నింపడానికి ఒడ్డు నుండి 230 వోల్టుల తీగను పడవకు లాగినప్పుడు కాలువలోనే ముప్పు ఎక్కువ. మంచినీటి కంటె మానవ శరీరం మెరుగైన విద్యుద్వాహకం. తీగ నుండి కారిన విద్యుత్తు అక్కడ ఈదుతున్న మనిషి శరీరం గుండా ప్రవహించి కండరాలను బిగదీస్తుంది. ఈత వచ్చినవాడు కూడా మునిగిపోతాడు. కావున పడవ కట్టి ఉన్న చోటికి ఇంటి విద్యుత్తును లాగకుండా, బ్యాటరీని గట్టుకు తెచ్చి గాలి ఆడే చోట ఛార్జి చేయడం ఉత్తమం. ఛార్జి అయ్యే సమయంలో వెలువడే హైడ్రోజన్ వాయువు చిన్న నిప్పురవ్వకు కూడా పేలగలదు.

పెట్రోలు ఆవిరి స్వభావం ఇందుకు భిన్నమైనది. హైడ్రోజన్ పైకి పోతుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది కనుక పడవ అడుగున నిలిచిపోతుంది. అందుచేత లోపల ఇంజను ఉన్న పడవలో ముందుగా మూతలు తెరిచి, గాలి పంకాను కొన్ని నిమిషాలు తిప్పి, వాసన లేదని నిర్ధారించుకొన్న తరువాతనే ఇంజనును ప్రారంభించాలి. పడవ అడుగున చేరే నీటిని తోడే పంపును, నీరు పెరిగినప్పుడు తనంతట తానే తిరిగేటట్లు, ప్రత్యేక ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలపాలి. ప్రధాన స్విచ్చిని ఆపి యజమాని ఇంటికి వెళ్ళినా పంపు మేలుకొని ఉంటుంది. ఎడమ వైపు ఎర్రదీపం, కుడి వైపు ఆకుపచ్చ దీపం, వెనుక తెల్లదీపం చీకటిలో పడవ ఎటు పోతున్నదో ఎదుటివారికి తెలిపే భాష. అవి ఆరిపోతే ఆ పడవ చీకటిలో మూగదవుతుంది.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం నదులలో, కాలువలలో తిరిగే మరపడవలకు నమోదును, తనిఖీని విధించింది. తనిఖీ చేసే అధికారి దీపాలను, ప్రాణరక్షణ కవచాలను చూడగలడు. పలకల వెనుక ఉన్న ప్రతి అతుకునూ విప్పి చూడటం ఆయనకు సాధ్యం కాదు. ఆ బాధ్యత పని చేసినవాని చేతిలోనే ఉంటుంది. అందుకే మంచి పనివాడు ప్రతి తీగ రెండు కొనలకు పేరు రాసిన చీటీలను తగిలిస్తాడు. ఏ తీగ ఎటు పోతున్నదో, ఏ ఫ్యూజు దేనికి సంబంధించినదో ఒక పటంలో గీసి, తడవకుండా స్విచ్చిల పెట్టె మూత లోపల అంటిస్తాడు. పాత పడవ మళ్ళీ చేతులు మారుతుంది. ఏనాడో ఏ రాత్రి వేళనో దీపాలు ఆరి, పంపు ఆగి, టార్చిలైటు వెలుగులో ఆ మూత తెరిచే సరంగు ఎవరో అతనికి తెలియదు. ఆ అపరిచితునికీ, అతనిని నమ్మి ఎక్కిన ప్రయాణికులకూ ఆ పటం దారి చూపుతుంది.