టైఫాయిడ్ వేరు, టైఫస్ వేరు

జ్వరము వారము దాటినదనగానే మన ఇండ్లలో వినబడు మాట టైఫాయిడ్. వైద్యుడు చీటీమీద స్క్రబ్ టైఫస్ అని వ్రాసి యిచ్చినను, ఇంటికి చేరుసరికి అది టైఫాయిడే అయిపోవుచున్నది. పేర్లు కవలలవలె నున్నవి. జబ్బులు వేరు, మందులును వేరు.

ఈ చిక్కు మనతో పుట్టినది కాదు. గ్రీకు భాషలో టైఫోస్ అనగా పొగ, మసక. జ్వరతీవ్రతచే తెలివి మసకబారుటనుబట్టి టైఫస్ అను పేరు వచ్చినది. దానిని పోలినది గనుక టైఫాయిడ్. మన పెద్దలు అట్టి జ్వరములను సన్నిపాతమనిరి. 1837లో ఫిలడెల్ఫియా వైద్యుడు విలియం గెర్హార్డ్ మృతుల పేగులు పరీక్షించి, ఇవి రెండు జబ్బులని ప్రకటించెను. ఆయన చూచినది పేలవలన వచ్చు టైఫస్. మన ప్రాంతములలో నేడు ఎక్కువగా కనబడునది పొదల టైఫస్, అనగా స్క్రబ్ టైఫస్.

టైఫాయిడ్ చెడిన నీటివలన, తిండివలన వచ్చును. నీరు కాచి త్రాగవలెను, టీకాయు కలదు.

స్క్రబ్ టైఫస్‌కు టీకా లేదు, నీరు కాచినను ఆగదు. గడ్డిలో, పొదలలో నుండు కంటికానని పురుగు పిల్ల కుట్టుటవలన వచ్చును. మంచపు నల్లి కాదు సుమా! ఊరి అంచున పడుగులు చాచి గంజి పెట్టు చోట పొదలు కొట్టించుట మంచిది. కుట్టినచోట నొప్పి యుండదు. కొందరికి చుట్ట అంటించినట్లు నల్లని పెచ్చు కట్టును. అది చంకలో, గజ్జలో, మొలత్రాటి క్రింద, రొమ్ముల క్రింద దాగియుండును. సిగ్గుపడి దాచరాదు, వైద్యుడు అడుగకున్నను చూపవలెను. పెచ్చు లేనంతమాత్రమున జబ్బు లేదనరాదు.

టైఫాయిడుకు తరచు ఇచ్చు సెఫ్‌ట్రయాక్సోన్ సూది ఈ టైఫస్ క్రిమిపై పనిచేయదు. దీనికి డాక్సీసైక్లిన్ కావలెను. సకాలమున పడినచో చాలమందికి రెండు దినములలో జ్వరము దిగును. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతినును. గర్భిణులు సంగతి ముందే చెప్పినచో వైద్యుడు తగిన మందు ఎంచును.

వైడల్ పరీక్ష ఒక్కటి చూచి టైఫాయిడని నిశ్చయించుట తొందరపాటు. వేరు జ్వరములలోను అది తప్పుగా పలుకవచ్చును. మొదటి వారమున రక్తపు కల్చర్ అంతకంటె నమ్మదగినది. జ్వరము ఐదు దినములు దాటినచో, "స్క్రబ్ టైఫస్ పరీక్షయు చేసితిరా?" అని అడుగుడు. తమిళనాట, మహారాష్ట్రమున, ఒడిశాలో ఆసుపత్రి మారునపుడు జబ్బు పేరు నోట చెప్పక, పాత చీటీనే చేతికిచ్చుట మేలు.